అక్క సోమవారాలు

ఇప్పుడు మా సంఘం తోటకు డ్రిప్పు పైపులున్నాయి, చుట్టూ కంచె ఉంది, కూరలు తీసుకుపోవడానికి బీదర్ నుంచి ఆటో మడుల దాకా వస్తుంది. దేవుని దయ. అయినా నా మనసు మాటిమాటికీ ఆ మొదటి ఏడాదికే పోతుంది.

బీదర్ నుంచి వస్తే బగ్దల్ దాటాక మా ఊరు. భజన మందిరం వెనక జాగా అంతా ఎర్రమొరం, గడ్డపార దిగేది కాదు. ఆడవాళ్లం పొలాల నుంచి గంపలతో నల్లమట్టి మోసి మడులు కట్టాం. తోటకూర, పాలకూర, మెంతికూర, పుంటికూర చల్లాం. మా సంఘానికి విత్తనాలిచ్చిన ఆఫీసు మేడమ్ ఒక్కటే షరతు పెట్టింది: సగం అమ్ముకోవాలి, సగం ఇంట్లో తినాలి.

మాలో మట్టిపని బాగా తెలిసింది మా పెద్ద తోటికోడలికి. ఆమెను అక్కా అనే పిలుస్తాను. ఆమె కలుపు తీస్తుంటే పిల్లల తలలో పేలు చూస్తున్నంత ఓపికగా ఉండేది. కూరలమ్మిన పైసలతో తొలిసారి ఎవరినీ అడగకుండా చెప్పులు కొనుక్కుంది. కానీ ఆ ఏడాదే ఆమె ఒంట్లో బాగుండలేదు. గర్భసంచి తీయాలనీ, రక్తం మరీ తక్కువగా ఉందనీ, అది పెరిగితేనే ఆపరేషన్ అనీ దవాఖానలో చెప్పారు. ఆకుకూరలు తినమన్నారు, మాత్రలు రాశారు. ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే ఆమెకు వాంతి వచ్చేది.

ఒక సోమవారం పొద్దున తోటకూర కట్టలు కడుతూ అక్క ఉన్నట్టుండి గట్టు మీద కూలబడింది. పెదవులు తెల్లబడ్డాయి. వెనక వీధి వదిన పరుగెత్తి నీళ్లు తాగించింది.

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఇయ్యాల సోమారం గదా."

"మరి నిన్న?"

"ఏకాదశి."

"మొన్న?"

"శనారం."

"మంచిగున్నది! నువ్వు పండించిన ఆకు బీదర్ పట్నమోళ్లు తినవట్టిరి, రక్తం గూడ వాళ్లకే పట్టవట్టె!"

నేనూ అందుకున్నాను. "అక్కా, ఉపాసాలు ఇగ బంద్ చెయ్."

అక్క తలెత్తి చూసింది. "నువ్వంటున్నవా చెల్లె? పట్టిన వ్రతం ఇడిస్తే పాపమని మందిరంల చదివింది ఎవ్వరు?"

నేనే. మా భజన మండలిలో గ్రంథం చదివి అర్థం చెప్పేది నేను. మా నాయన దగ్గర కూర్చుని నేర్చుకున్న చదువు అది. పట్టిన వ్రతం విడవరాదని చెప్పిన ఆ అధ్యాయంలోనే, నాలుగు పంక్తుల కింద, రోగులకూ బాలింతలకూ ముసలివాళ్లకూ ఆ నియమం లేదని ఉంది. తమవాళ్ల చేత వ్రతం చేయించవచ్చని కూడా ఉంది. ఇంట్లో ఎన్నిసార్లో చదివాను. మందిరంలో మాత్రం అక్కడికి రాగానే పేజీ తిప్పేసేదాన్ని. అది వింటే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోగం వస్తుందని నా భయం. దాన్నే భక్తి అనుకున్నాను.

ఆ సాయంత్రం నైవేద్యానికి మా మడుల్లోని తోటకూరతో పప్పు చేశాం. హారతి అయ్యాక గ్రంథం తెరిచి ఆ నాలుగు పంక్తులూ చదివాను.

"ఇన్నేండ్ల నుంచి ఇది చదవకుంట దాటేసిన. తప్పు నాది" అన్నాను.

వెనక వీధి వదిన, "జర సూడు, మోకాళ్ల నొప్పులోళ్లకు గూడ ఏమన్న రాసిండ్రా?" అంది. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

"మల్లోసారి చదువు" అంది.

చదివాను.

"మరి నేను మొక్కుకున్న సోమారాలు?"

"నువ్వు మంచిగయ్యేదాంక నీ బదులు నేనుంట. నీ శనారాలు, ఏకాదశులు గూడ."

అక్క చాలాసేపు దేవుని పటం వైపు చూసింది. తర్వాత విస్తరి ముందుకు లాక్కుంది. పప్పన్నం మెల్లగా తిన్నది, మాత్ర వేసుకుంది. వాంతి కాలేదు.

ఆ తర్వాతి సోమవారాలు నాకిప్పటికీ తీపిగా గుర్తున్నాయి. మధ్యాహ్నం మడుల పక్కన నేను ఒట్టి చాయ్ తాగుతుంటే, అక్క నా ఎదురుగా కూర్చుని పుంటికూర కలుపుకునేది.

"ఆకలైతాందా చెల్లె?"

"అయితాంది."

"మంచిగ కానీ" అని నవ్వి ఇంకో ముద్ద కలిపేది. చలికాలం మొదట్లో డాక్టరమ్మ పరీక్ష చేసి, రక్తం పెరిగిందని ఆపరేషన్‌కు రమ్మని రోజు చెప్పింది.