చూడకుండా చెప్పిన అంకె

ఈ ఉదయం పెరట్లో క్లోరిన్ డబ్బా తెరవగానే ఘాటు ముక్కుకు సూటిగా తగిలింది. అమెరికాలో, మా మోరిస్‌విల్‌లో చలి మొదలైంది, చలికాలం అయ్యేదాకా పెరటి ఈత కొలనుకు మూత వేసేయాలి. ఆ పని నాకు నేర్పింది సత్యానందం గారు. పక్కింటి సునీత వాళ్ల నాన్న. రాజమండ్రి వాటర్ వర్క్స్‌లో ముప్పై ఏళ్లు తాగే నీళ్లు పరీక్షించి, రిటైరయ్యాక కూతురి దగ్గరే ఉండేవారు. ఆయన పేరు తలిస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన మంచితనం కాదు, నా సిగ్గుమాలినతనం.

ఖాళీగా కూర్చోవడం ఆయనకు చేతకాదు. పరీక్ష కాగితాన్ని నీళ్లలో ముంచి, ఎండకు వీపు పెట్టి నిలబడి, దాని రంగును డబ్బా మీది రంగులతో పోల్చేవారు. నేను ఊరికే తలూపితే ఒప్పుకునేవారు కాదు.

"కాయితం చూడమ్మా, నా మొహం కాదు. నాచు పట్టకుండా క్లోరిన్ గట్టిగా వేస్తాం, సరే. కాయితం మీద దాని అంకె మూడుకి దిగేదాకా మాత్రం కొలను మీద మూత వెయ్యకూడదు. మూత కింద ఎండ తగలదు, క్లోరిన్ తగ్గదు. కొలను లోపల పరిచిన ప్లాస్టిక్ షీటుని తినేస్తుంది."

ఒక ఏడాది క్లోరిన్ వేసిన మర్నాడు ఆదివారం. మా అమ్మాయిని పుట్టినరోజు పార్టీకి తీసుకెళ్లాలి, అప్పటికే ఆలస్యమైంది. ఆయన చర్చి నుంచి నేరుగా వచ్చి, చొక్కా చేతులు మడుస్తూ అడిగారు.

"ఎంతకి దిగిందమ్మా?"

"మూడు అంకుల్. పొద్దున్నే టెస్ట్ చేశాను."

చేయలేదు. ఆ పొద్దున నేను పెరట్లో అడుగైనా పెట్టలేదు. ఆయన నా మాట నమ్మి మూత రెండో కొస పట్టుకున్నారు.

వసంతంలో మూత తీస్తే నీలం షీటు తెల్లగా పాలిపోయి ఉంది. మా ఆయన రవి, సునీత ఎదుటే అనేశాడు.

"అంకుల్, మీరు క్లోరిన్ ఎక్కువ వేసినట్టున్నారు. షీట్ మొత్తం రీప్లేస్ చేయాలి."

నోరు విప్పాల్సింది నేను. వంగి మూత మడతపెడుతూ ఉండిపోయాను.

"తప్పు నాదే బాబూ," అన్నారు సత్యానందం గారు. "నేను స్వయంగా చూసి వెయ్యాల్సింది."

నన్ను కాపాడ్డానికి అన్న మాట కాదది. నిజంగానే అలా అనుకున్నారు. పెద్దాయనకు వయసైపోయిందని మిగతావాళ్లు సరిపెట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన మా పెరట్లోకి రాలేదు, నేనూ పిలవలేదు. ముఖం చెల్లక తప్పించుకు తిరిగాను. రెండేళ్లకు ఆయన పోయారు.

పోయిన నెల సునీతకు అంతా చెప్పేశాను.

"ఆ రోజు ఇంటికెళ్లి నాన్నని బాగా తిట్టాను అక్కా. అప్పట్నుంచి బీపీ టాబ్లెట్లు కూడా ఆయన చేతికి ఇవ్వలేదు. నేనే లెక్కపెట్టి ఇచ్చేదాన్ని. పొరపాటు చేస్తారని భయం. నాన్న నీ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు."

ఊరంతా తాగే నీళ్లకు పూచీపడిన మనిషి, తన మాత్రల కోసం కూతురి ముందు చేయి చాపి నిలబడ్డారు. రెండేళ్లు, రోజూ. నా వల్ల.