చక్రం పక్కన నడక

మా బాపు సవారీ కచ్చురాలు చేసేవాడు. గూడు కట్టి, లోపల పరుపు వేసి, పెద్దింటి ఆడవాళ్ల ప్రయాణాల కోసమే చేసే ఎడ్లబండి అది. మా ఊరి దొరవారింటికి మా తాత, ఆయన తండ్రి కూడా అవే చేసి ఇచ్చారు. ఆ ఇంటి ఆడపిల్లకు ప్రధానం అయిందని తెలిస్తే చాలు, కబురు కోసం చూడకుండా మావాళ్లు కట్టె కోయడం మొదలుపెట్టేవారు. చెయ్యమని వాళ్లు చెప్పిందీ లేదు, చెయ్యమంటారా అని మేము అడిగిందీ లేదు.

ఇంకో ఆచారం కూడా ఉండేది. పెండ్లినాడు కొత్త కచ్చురం కదిలితే, చేసినవాడు చక్రం పక్కనే చెవి ఒగ్గి పొలిమేర దాకా నడవాలి. ఇరుసు చప్పుడు సరిగ్గా ఉందని అతడు చేయి ఎత్తితేనే బండి ఊరు దాటేది.

దొరసానిగారి చిన్న బిడ్డకు ప్రధానమైన ఏడు నాకు పదమూడేళ్లుంటాయేమో. బాపు అమ్రాబాద్ అడవి టేకు తెప్పించాడు. ఆయన చిత్రిక పడుతుంటే నేను పక్కన కూచుని పలక మీద దేవుడి పద్యాలు దిద్దేదాన్ని. తప్పు రాస్తే పని ఆపకుండానే చెప్పేవాడు. నాకు బడి లేదు. వచ్చిన నాలుగు అక్షరాలూ ఆ చెక్కపొట్టులో కూచుని నేర్చినవే. అందుకు ఆయనకు ఎంత మొక్కినా తక్కువే.

పెండ్లి ఇంకో నెల ఉందనగా దొరవారింటికి సీమ మోటారు కారు వచ్చింది. అమ్మకు అప్పుడే అర్థమైంది.

"జర పోయి అడుగరాదు? మోటారు కొన్నోళ్లకు నీ బండెందుకు?"

"తాతలనాటి ఇల్లే అది. గిప్పుడు పోయి అడిగితే వాళ్లను నమ్మనట్టు గాదా?"

"అయితే చేసి పెట్టు. దాంట్ల గూసొని నువ్వే ఊరేగు."

బాపు అడగలేదు. ప్రధానం నాటి నుంచి ఏడాదిగా చేస్తున్న కచ్చురాన్ని పూర్తి చేశాడు. అప్పుడు దొరసానిగారే మా కొట్టానికి వచ్చారు. గూటికి చెక్కిన చిలుకలను ఒక్కొక్కటిగా తడిమి చూశారు.

"ఎంత మంచిగ జేసినవయ్యా! ముందుగల్ల చెప్పకపోతిమి, తప్పు మాదే. అబద్ధమెందుకు, నీ బండిల పట్నం పోయొస్తే వారం దినాలు నడుము లేవదు. మోటారుల పొద్దున పోయి మాపటికొస్తున్న."

బాపు తల ఎత్తలేదు. "పొలిమేర దాకనన్న పిల్లను గూసోవెట్టుండ్రి, తల్లీ."

ఆమె సరేనన్నారు. నిజం ముఖం మీదే చెప్పినందుకు, ఆ ఒక్క కోరిక కాదననందుకు ఆమెను ఇప్పటికీ తలుచుకుంటాను.

పెండ్లినాడు పిల్ల కచ్చురమెక్కింది. బాపు చెవి ఒగ్గి నడిచాడు, పొలిమేరలో చేయి ఎత్తాడు. పిల్ల దిగి, అక్కడ నిలిపిన మోటారెక్కింది. ఖాళీ బండితో పాటు బాపు తిరిగి వచ్చాడు. దొరసానిగారు దాన్ని గుడికి ఇప్పించారు. ఇక మీదట దేవుడు ఊరేగేది అందులోనే అని బాపు సంబరపడ్డాడు.

"దేవుడు గూడ మోటారు కొంటే?" అంది అమ్మ.

"నోరు గడుక్కో, పో."

మరుసటి ఏడు అమ్మకు కడుపునొప్పి లేచి స్పృహ తప్పింది. దొరసానిగారి మోటారులోనే నల్లగొండ దవాఖానకు చేర్చాం. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. ఆ మోటారును ఏ నోటితో తిట్టమంటారు? బాపు కూడా ఎన్నడూ తిట్టలేదు. ఆ తర్వాత ఎవరూ కచ్చురం చేయించుకోలేదు. ఆయన నాగళ్లకు, తలుపులకు మళ్లాడు. చిత్రిక చప్పుడులో మునుపటి తొందర లేదు.

నా పెండ్లయిన చాలా ఏండ్లకు జాతరకని పుట్టింటికి వెళ్లాను. దేవుణ్ణి పూలు కట్టిన ట్రాక్టరు మీద కూచోబెట్టారు. కచ్చురం గుడి వెనక రేకుల కింద ఉంది.

"ఏం జేస్తం, ఎడ్లెవరు తోలుతరు? దీంట్లయితే గంటసేపట్ల ఊరేగింపు ఒడుస్తది," అన్నాడు పూజారి.

అమ్మ కండువా తెచ్చి బాపు భుజాన వేసింది. బాపు కండువా సర్దుకుని ట్రాక్టరు పక్కన నడవసాగాడు. అలవాటుగా చెవి రబ్బరు చక్రం వైపు వంగింది. నేనూ పక్కనే నడిచాను.

"ఏమన్న ఇనవడ్తాందా, బాపూ?"

"ఇంజను మోత, బిడ్డా. గంతే."

పొలిమేర రాగానే ఆయన చేయి ఎత్తాడు. ట్రాక్టరు అప్పటికే దాటిపోయింది. ఎత్తిన చేతిని ఉత్తగా దించలేక కాబోలు, రెండో చేయి కూడా కలిపి, దూరమవుతున్న దేవుడికి మొక్కాడు.

నేనూ మొక్కాను.