‘పో’ అన్న మాట వెంట మంజీర దాకా

ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నవాళ్లకు ఒక్క పూట బయటికి పోవడమే పెద్ద ప్రయాణం. నేను పోయేది కూడా అంతే. శనివారం మధ్యాహ్నం ఇస్నాపూర్‌లో మా ఇంటి నుంచి బయలుదేరి, ఆదివారం అన్నం వేళకు తిరిగి వస్తాను. ఫోను మోగితే గంటలో ఇంట్లో ఉండగలిగినంత దూరమే పోతాను. రోగిని చూసుకునేవాళ్లు ఇంకెవరైనా ఇలా పోదామనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను. నేను ఊరి బడిలో ఏడు దాకా చదివాను. మాటలు తక్కువ. తప్పులుంటే సర్దుకొని చదవండి.

నా భార్య సత్తెమ్మకు కిందటేడు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ముఖం కడగడం, జావ తాగించడం, వీపు పుండ్లు పడకుండా పక్క మార్చడం, బట్టలు మార్చడం, అన్నీ నేనే చేస్తాను. ఒకరోజు చెంచా చేతిలో పట్టుకొని కూర్చున్నచోటే నిద్రపోయాను. పొయ్యి మీద జావ మాడి ఇల్లంతా పొగ నిండింది. సదాశివపేటలో ఉండే నా బిడ్డ అనసూయ సరిగ్గా అప్పుడే వచ్చింది. పొయ్యి ఆర్పి, కిటికీలు తెరిచి, నా ముందు కూర్చుంది. “నాయినా, నువ్వు గూడ పడ్డవంటే మీ ఇద్దర్ని ఎవలు లేపాలె? ఇగ నెలకు రెండుసార్లు నేనొస్త. ఆ ఒక్క దినం నువ్వు యాడికన్న పో” అంది. యాడికి పోవాలె అన్నాను. “యాడికన్న! ఆ వ్యాను ఊకనే తుప్పువడుతున్నది గద” అంది.

ఆ వ్యానులో నేను చానా ఏండ్లు షిఫ్టు మనుషులను నడిపాను. ఇస్నాపూర్ కిరాయి గదుల నుంచి పాశమైలారం కంపెనీల గేట్ల దాకా, మళ్లీ వెనక్కి. ఒడిశా వాళ్లు, బిహార్ వాళ్లు, మన ఊర్ల వాళ్లు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతూ వచ్చేవాళ్లు. ఇప్పుడు వెనక సీట్లు తీసేసి చెక్క పరిచాను. చెక్క మీద బొంత. కిటికీలకు సత్తెమ్మ పాత చీర ముక్కలు కట్టాను. చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ల క్యాను, దోమతెర, టార్చిలైటు ఉంటే చాలు. మొదటిసారి పోయేవాళ్లు సామాను ఎక్కువ పెట్టుకోకండి. కాళ్లు చాపుకొని పడుకోవడానికి జాగా ఉండాలి, అదే ముఖ్యం.

ఈసారి నేను పోయింది మాత్రం విశ్రాంతికి కాదు. ఒక సంగతి తేల్చుకోవడానికి. ఈ మధ్య సత్తెమ్మకు ఒక మాట తిరిగి వచ్చింది. ‘పో’ అనే మాట. మొదటిసారి విన్నప్పుడు, మాట వచ్చిందని సంతోషపడ్డాను. తరువాత గమనించాను. బట్టలు మార్చి, నీళ్లు తెస్తనని లేస్తే ‘పో’ అంటుంది. జావ తాగించి గిన్నె కడగడానికి లేస్తే ‘పో’ అంటుంది. అని, ముఖం దర్వాజ వైపు తిప్పుకుంటుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నన్ను అంత మాట అనలేదు. కోపం వస్తే మాట్లాడటం మానేసేది, అంతే. నా చేతులతో చేయించుకోవడం ఆమెకు సిగ్గుగా ఉందేమో, నేనంటేనే విసుగు పుట్టిందేమో అనుకున్నాను. ఆడమనిషి దగ్గర ఆడమనిషి ఉంటే నయం. ఆదివారం తిరిగి రాగానే అనసూయతో ‘అమ్మను నీ కాడికి తీసుకపో’ అని చెబుదామని మనసులో పెట్టుకున్నాను. అనసూయది రెండు గదుల ఇల్లు. అయినా కాదనదు. అది తెలిసే చెప్పడానికి నోరు రావడం లేదు.

శనివారం పొద్దటి నుంచే ముసురు పట్టింది. అనసూయ మధ్యాహ్నం బస్సు దిగి తడిసి వచ్చింది. నేను మంచం దగ్గర నిలబడి “పోయొస్త” అన్నాను. మా దిక్కు ఇంట్లోంచి కదిలేటప్పుడు ‘పోతున్న’ అని ఎవరూ అనరు. అది తిరిగిరానివాళ్ల మాట. పోయి, వస్తానని చెప్పాలి. సత్తెమ్మ నన్ను చూసింది. “పో” అంది. ముఖం తిప్పుకుంది. అనసూయ నవ్వేసింది. “అగో, అమ్మ గూడ పొమ్మంటున్నది. ఇగ నడువు నాయినా, బండి చలాయించుకుంట ఆలోచన చెయ్యకు” అంది. నేను వెనక దర్వాజలోంచి బయటపడి వ్యాను తీశాను.

రెండింటికి హైవే ఎక్కాను. శనివారం ఆ వేళకు రుద్రారం దాకా లారీలు తప్ప పెద్ద రద్దీ ఉండదు. నాలుగు దాటితే షిఫ్టు బస్సులు వస్తాయి, అప్పుడు హైవే ఎక్కకండి. గాలి పాశమైలారం దిక్కు నుంచి కొడితే ముసురులో కూడా ఘాటు వాసన వస్తుంది. రెండు వైపర్లలో ఒక్కటే పని చేస్తోంది. అదీ నా వైపుది కాదు. వంగి చూస్తూ నడిపాను. ఇస్నాపూర్ నుంచి సంగారెడ్డికి మామూలుగా అరగంట. ఆ రోజు ముప్పావుగంట పట్టింది. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఖాజా భాయ్ చాయ్ బండి దగ్గర ఆపాను. షిఫ్టు బండి నడిపే రోజుల నుంచి నాకు తెలిసిన మనిషి.

“ఆవో నర్సింలు సేట్! మల్ల షికార్‌కు బయలెల్లినవా? రాజాల లెక్క ఉన్నరు బై మీరు” అన్నాడు. కప్పు చేతికిచ్చి, “భాబీ ఎట్లున్నది?” అని అడిగాడు.

“గట్లనే ఉన్నది.”

“మాట వచ్చిందా?”

“ఒకటొచ్చింది.”

“ఏందది?”

నేను చాయ్ ఊదుకున్నాను. ఖాజా భాయ్ పక్కన నిలబడ్డ లారీ డ్రైవరుకు నన్ను చూపించాడు. “ఈయనను చూడు. బండ్ల ఎన్మిది మంది ఎన్మిది ముచ్చట్లు చెప్తుంటె, ఈయన హారన్ గూడ కొట్టకపోతుండె. భాబీకి మాట పోయిందంటరు గని, ఆ ఇంట్ల మాట్లాడేదే ఆమె ఒక్కతి!” లారీ డ్రైవరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఖాజా భాయ్ నవ్వుతూనే చటుక్కున ఆగి, “తప్పుగ అనుకోకు అన్నా” అన్నాడు. నేనేమీ అనుకోలేదు. అతను అన్నది నిజమే. మా ఇంట్లో మాట అంతా ఆమెదే. అది పోయాక ఇంట్లో చప్పుడే లేదు.

చౌరస్తా నుంచి ఊళ్లోకి పోయి, కల్పగూర్ రోడ్డు పట్టుకుంటే మంజీర డ్యాము దగ్గరే. అయితే నేను నీళ్ల దాకా పోను. మీరూ పోవద్దు. అక్కడ మొసళ్లున్నాయి, ఒడ్డున బండి పెట్టి పడుకోవడం మంచిది కాదు. రోడ్డు మీదే బాలమ్మ రొట్టెల కొట్టం ఉంటుంది. రేకుల కొట్టం. అడిగితే పక్కన బండి పెట్టుకోనిస్తుంది. వెనక మొక్కజొన్న చేను. ఒక బోరు నల్లా ఉంది. వంద రూపాయల లోపే రెండు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ పెడుతుంది. జాగాకు వేరే ఏమీ తీసుకోదు. రాత్రి తింటానని ముందే చెప్పి పెట్టుకోవాలి. లేకపోతే ఆమె పొయ్యి ఆర్పేసి పోతుంది.

బాలమ్మకు నా వయసే ఉంటుంది. రొట్టె తడుతూ నన్నూ, వ్యానునూ మార్చి మార్చి చూసింది.

“అన్నా, పోయినసారి గూడ ఒక్కనివే వచ్చినవ్. ఇంట్ల కొట్లాటనా?”

“కాదు.”

“వ్యాన్ల పండేటోళ్లు జాతరకన్న పోతరు, పెండ్లికన్న పోతరు. నీది ఏ జాతర?”

“జాతర లేదు. ఊకనే వచ్చిన.”

“ఊకనే!” ఆమె రొట్టె పెనం మీద వేసింది. “మా ఇంటాయన గూడ గిట్లనే ఊకనే పొయ్యి చెరువు కట్ట మీద కూసుంటుండె. నేను తిడుతుంటి. గిప్పుడు తిడదామంటె మనిషి లేడు.” రొట్టె నా పళ్లెంలో వేసి, “తిను, సల్లగైతది” అంది.

తిన్నాను. రొట్టె బాగుంది. నోటికే రుచి లేదు. కూర్చున్న చోట నుంచి చేను, దాని మీద వంగిన మబ్బు కనిపిస్తున్నాయి. ఇలాంటి చోటికి వస్తే మనసు తేలికవుతుందని రాసేవాళ్లు రాస్తారు. నాకు అలా కాదు. ఇంట్లో ఉన్నప్పుడు చేతులకు పని ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. ఆమెకు పక్క మార్చే వేళకు నా చేతులు వాటంతటవే కదులుతాయి. అనసూయతో చెప్పవలసిన మాటను లోపలే అని చూసుకున్నాను. ‘బిడ్డా, అమ్మను తీసుకపో.’ ఎన్నిసార్లు అనుకున్నా అది సరిగా రాలేదు.

పొద్దు గూకుతుంటే ఫోను వచ్చింది. అనసూయే.

“నాయినా, తిన్నవా?”

“తిన్న. అమ్మకేమైంది?”

“ఏం కాలే, పరేషాన్ కాకు. ఒక ముచ్చట చెప్దామని చేసిన. ఇందాక పాలపాకెట్‌కు దుకాణంకు పోయిన. పోయొస్తనే అమ్మా అన్న. నన్ను గూడ పో అన్నది.”

నేను ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను.

“వాన పెద్దగైతె దుకాణం కాడ్నే నిలవడ్డ. జెర తగ్గినంక ఉరికొచ్చిన. ఇట్ల గడపల కాలు పెట్టిన్నో లేదో, నన్ను చూసి ‘రా’ అన్నది నాయినా!”

“రా అన్నదా?”

“రా అన్నది. ‘పోయిరా’ అంటున్నది నాయినా! ఒక్కసారికి నోరు తిరుగుతలేదు. పోయేటప్పుడు సగం, వచ్చినంక సగం. నీకెన్నడు అనలేదా?”

లేదన్నాను. ఫోను పెట్టేశాక మా ఇల్లు ఒకసారి తలుచుకున్నాను. మా ఇంటికి రెండు దర్వాజలు. సత్తెమ్మ మంచం ముందు దర్వాజకు ఎదురుగా ఉంటుంది. నేను వ్యాను వెనక పెడతాను. బయటి నుంచి వస్తే కాళ్లు కడుక్కోకుండా లోపలికి రాకూడదని మా ఇంటి పద్ధతి. ఆ పద్ధతి పెట్టింది కూడా ఆమే. నీళ్ల తొట్టి వెనకనే ఉంది. కాళ్లు కడుక్కొని, వంటింట్లోంచి వచ్చి, ఏ గిన్నెనో బట్టనో పట్టుకొని తల దిక్కు నుంచి ఆమె పక్కకు చేరతాను. నేను వచ్చిన సంగతి ఆమెకు తెలిసేసరికి నేను ఇంట్లో ఉన్న మనిషినే. వచ్చిన మనిషిని కాదు. ఆమె ముందు దర్వాజ వైపు ముఖం తిప్పుకునేది నా మీద విసుగుతో అనుకున్నాను. నేను అందులోంచి వస్తానని చూసేదేమో.

అప్పుడే వెనక్కి పోదామని తాళం తిప్పాను. ముసురులో ఒక్క వైపరుతో ఆ చీకట్లో హైవే మీద నడపడం నా కళ్లకు చేతకాదు. ఆపేశాను. తెల్లవారగానే బొంత చుట్టేశాను. బాలమ్మ అప్పుడే పొయ్యి రాజేస్తోంది. “చాయ్ తాగవా?” అంది. వద్దు, పోయొస్తనన్నాను. “పొయ్యిరా అన్నా” అంది, కట్టె ఊదుకుంటూ, తల కూడా ఎత్తకుండా. ఎంత తేలిగ్గా అనేసింది. నేను పొద్దున్నే వచ్చేశాను కాబట్టి రోడ్డు ఖాళీగా దొరికింది. ఎనిమిది లోపే ఇస్నాపూర్ చేరాను.

ఈసారి వ్యాను ముందు పెట్టాను. కాళ్లు కడుక్కోలేదు. బురద కాళ్లతో గడపలో నిలబడ్డాను. సత్తెమ్మ మేలుకొనే ఉంది. నన్ను చూసింది. చానాసేపు చూసింది. పెదవులు ఒకసారి కదిలినట్టు అనిపించింది. మాట రాలేదు. అనసూయ ఆమె వెనక నిలబడి, “అనవే అమ్మా, నిన్న అన్నవు గద” అని బతిమాలింది. సత్తెమ్మ కళ్లు మూసుకుంది.

“నిజంగ అన్నది నాయినా” అంది అనసూయ. కళ్లలో నీళ్లు.

“నేను కాదన్ననా?” అన్నాను.

మధ్యాహ్నం అనసూయ బస్సుకు బయలుదేరేటప్పుడు, అమ్మను తీసుకపొమ్మనే మాట నేను చెప్పలేదు. ఇక చెప్పను.

అనసూయ అబద్ధం చెప్పే పిల్ల కాదు. కానీ పోయేటప్పటి నా ముఖం చూసి, నాకోసం ఒక మాట కల్పించగలదు కూడా. అడగలేదు. ఆ తరువాత నేను బయటికి పోయినప్పుడల్లా ముందు దర్వాజలోంచే వస్తున్నాను. కాళ్ల కోసం గడప బయట ఒక బకెట్ పెట్టుకున్నాను. పోయేటప్పుడు ‘పో’ అంటుంది. వచ్చాక గడపలో ఆగుతాను. ఇప్పటిదాకా నాకు ఆ రెండో సగం వినపడలేదు. డాక్టరు, ఈ జబ్బులో వచ్చిన మాటలు మళ్లీ పోవచ్చు కూడా అన్నాడు. అయితే ‘పో’ అన్నప్పుడు ఇప్పుడు నాకు గుచ్చుకోవడం లేదు. మిగతాది ఆమె దగ్గరే ఉందనుకుంటాను. ఉన్నదో లేదో తెలియదు. అయినా గడపలో ఆగుతాను. అంతకన్నా నాకు చేతనైంది లేదు.

పోదామనుకునేవాళ్లకు ఒక్కటే చెబుతాను. బండి, పరుపు, పొయ్యి ఎట్లాగైనా సర్దుకుంటాయి. మంచంలో ఉన్న మనిషి ఏ దర్వాజను చూస్తూ పడుకుంటారో ముందు చూసుకోండి. వాళ్లకు చెప్పి ఆ దర్వాజలోంచే పొండి. ఆ దర్వాజలోంచే తిరిగి రండి.