బసవమ్మ అడిగిన ప్రశ్నలు

నేను కోపిష్టిదాన్ని. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను, రిటైరయ్యాక నవలలు రాయడం మొదలుపెట్టాను, కోపం మాత్రం రిటైర్ కాలేదు. అలాంటి నాకు విజయవాడ నుంచి మా ఎడిటర్ జయకర్ ఫోన్ చేసి, "సరోజ గారూ, మీ నవలలో రెండో అధ్యాయం తిప్పి పంపుతున్నానండీ," అన్నాడు.

"ఎందుకు?"

"మీ హీరోయిన్ చెట్టెక్కి కొమ్మ దులిపి బంగినపల్లి కాయలు రాలుస్తోంది కదండీ. మా ఆఫీసు అటెండర్‌ది ఆగిరిపల్లి. చదివి గంటసేపు నవ్వాడు. నవ్వి నవ్వి మంచినీళ్ళు అడిగాడు. మీరు నూజివీడులోనే ఉంటారు కదా, ఒకసారి తోట చూసి రాయకూడదా?"

పుట్టింది నూజివీడే. యాభై తొమ్మిది వేసవులు మామిడిపళ్ళు తిన్నాను. కానీ పండు మా ఇంటికి ఎప్పుడూ గంపలో వచ్చేది, చెట్టు మీద దాన్ని ఎలా కోస్తారో నేనెప్పుడూ చూడలేదు. ఆ మాట జయకర్‌కి చెప్పకుండా ఫోన్ పెట్టేసి, ఆగిరిపల్లి దగ్గర తోట ఉన్న తిరుపతిరావు గారింటికి వెళ్ళాను. వాళ్ళబ్బాయికి లెక్కలు చెప్పిన చనువు నాకుంది.

"తోట సంగతి నన్నడగండి టీచరుగారూ, చెప్తాను. కాయ సంగతైతే బసవమ్మనడగాలి," అన్నాడాయన.

బసవమ్మకి అరవై దాటాయి. పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ళ ఫుల్ హ్యాండ్ చొక్కా, తలకి తువ్వాలు. పాత మోపెడ్ మీద తోటలోకి వస్తుంది. దాని హారన్ పనిచేయదు, అందుకని "జరగండి జరగండి" అని తనే అరుచుకుంటూ వస్తుంది. పన్నెండో ఏట కోత కోసేవాళ్ళకి మంచినీళ్ళు మోయడంతో మొదలుపెట్టి, ఇప్పుడు పదకొండు మంది ఆడవాళ్ళ ముఠాకి పెద్ద అయింది. మగవాళ్ళు కాయ కోసి దింపితే, వీళ్ళు తొడిమలు కత్తిరించి, ఏరి, ట్రేల్లో సర్దుతారు. బసవమ్మ పక్కన పడేసిన కాయని తిరుపతిరావు గారు కూడా మళ్ళీ ట్రేలో పెట్టలేరు. ఒకసారి చూడకుండా పెట్టారట. సాయంత్రం ఆమె ఆ ఒక్క కాయనీ వాళ్ళింటికి పట్టుకెళ్ళి, ఆయన చేతిలో పెట్టి, "ఇది మీదేనండి," అని చెప్పి వచ్చింది.

నేను పుస్తకం, పెన్ను తీయగానే బసవమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంతకుముందు కాలేజీ నుంచి ఓ అమ్మాయొచ్చిందండీ. నలభై ప్రశ్నల కాయితం తెచ్చింది. మా ఇంట్లో బకెట్లెన్నో కూడా రాసుకుంది. తర్వాత టీవీవాళ్ళొచ్చారు. అందరూ అడిగిపోవడమే. ఆ పిల్లకి పెళ్ళయిందో లేదో కూడా నాకు తెలీదు. అందుకని ఓ లెక్క పెట్టుకున్నా. మీరొకటి అడిగితే నేనొకటి అడుగుతా. మీరు చెప్తేనే నేను చెప్తా."

లెక్కల టీచర్ని కదా, న్యాయంగానే అనిపించింది.

కాయ ముదిరిందని ఎలా తెలుస్తుందని అడిగాను. ఒక కాయ తీసి నా అరచేతిలో పెట్టింది. "భుజాలు చూడండి. తొడిమకి రెండు పక్కలా పొంగి, మధ్యలో గుంటపడాలి. భుజాలు జారిపోయుంటే ఇంకా పసిదన్నమాట." రాసుకున్నాను.

"ఇప్పుడు నేను. మీకు తోడబుట్టినోళ్ళెంతమందండీ?"

"ఒక చెల్లెలు. ప్రసన్న."

"ఎక్కడుంటారు?"

"అది రెండో ప్రశ్న."

బసవమ్మ ముఖం వెలిగిపోయింది. తనకి సరిజోడు దొరికిందని ఆమెకి అప్పుడే అర్థమైపోయింది.

రెండు వారాలు ఆ తోటకి వెళ్ళాను. మామిడిచెట్టుని ఎవరూ దులపరనీ, పొడుగాటి గెడకి వలసంచీ కట్టి ఒక్కో కాయనీ బెత్తెడు తొడిమతో సహా దింపుతారనీ తెలుసుకున్నాను. తర్వాత నీడలో తొడిమ కత్తిరించి, కాయని బోర్లించి, సొన అంతా కారనిస్తారు. సొన తగిలినచోట పండు నల్లబడుతుంది. మనిషికి తగిలితే చర్మం కాలుతుందన్నారు. నేను నమ్మకుండా వంగి చూశాను, గడ్డం మీద చుక్క చింది వారం రోజులు మచ్చ పడింది. అడగని ప్రశ్నకి జవాబిచ్చినట్టని దాన్ని కూడా లెక్కవేసి, బసవమ్మ నా దగ్గర ఒక ప్రశ్న వసూలు చేసింది.

నా హీరోయిన్ చెట్టు కొమ్మ మీద కూర్చుని పాట పాడుతుందని చెప్పాను.

"ఎన్ని చరణాలండీ?"

"రెండు."

"పల్లవి అయ్యేదాకా ఆగుతాయేమో ఎర్రచీమలు. తర్వాత ఆవిడ దిగదండీ, దూకుద్ది."

ఇలా నేను చీమలు, కోతులు, కాయకి కట్టే కాగితం కవర్లు రాసుకుంటుంటే, బసవమ్మ నా దగ్గర్నుంచి ఒక్కొక్కటే లాగింది. చెల్లెలు ఉండేది మైలవరంలో. మేం మాట్లాడుకుని ఆరేళ్ళయింది. ఎందుకని అడిగినప్పుడు మాత్రం ఈ పూటకి చాలని లేచి వచ్చేశాను. మర్నాడు నాకు రసాల కోత గురించి తప్పనిసరిగా తెలియాల్సి వచ్చింది. బసవమ్మ ఆ సంగతి చెప్పలేదు. నిన్నటి ప్రశ్న అలాగే ఉందంది.

చెప్పాను. పెళ్ళయిన కొత్తలో ప్రసన్నకి సాంబారు పెట్టడం రాదు. అత్తగారింట్లో ఆ సంగతి చెప్పడానికి భయం. అందుకని ఒక ఏడాదిపాటు దొడ్డిదారిన హోటల్ నుంచి సాంబారు తెప్పించి, పుట్టింటివాళ్ళు పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు గిన్నెలో పోసి, ఇంత కొత్తిమీర చల్లి వడ్డించేది. మా మరిది లొట్టలేసుకుంటూ తినేవాడు. ఇది నా ఒక్కదానికే తెలుసు. నేను దాన్ని కథ రాసి పత్రికకి పంపాను. గిన్నె మీద చెక్కిన అక్షరాలు, పక్కన పడ్డ సొట్ట, ఏదీ వదల్లేదు. అత్తగారు ఆ కథని మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటిల్లిపాదికీ చదివి వినిపించారు. సగంలో ఆపి, వంటింట్లోకి వెళ్ళి గిన్నె చూశారు. ఆ మర్నాటి నుంచి సాంబారు ఆవిడే పెట్టడం మొదలుపెట్టారు. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా ప్రసన్నే తన చేత్తో పెడుతోంది. ఆ పద్దెనిమిదేళ్ళూ ఒక్క కథతో గంగలో కలిసిపోయాయి.

"పేరు మార్చాను. సాంబారుని పప్పుచారు కూడా చేశాను," అన్నాను బసవమ్మతో, ఆనాడు ప్రసన్నతో అన్నట్టే.

"ఆవిడేమన్నారు?"

"అక్కా, నీకు చెప్పింది నీకు చెప్పాను, ఊరికి కాదు, అంది. అంతే. మళ్ళీ మాట్లాడలేదు."

అది ఇంకో ప్రశ్న అని బసవమ్మకి గుర్తుచేయడం కూడా మర్చిపోయాను. ఆమె రసాలు ఎలా కోస్తారో వివరంగా చెప్పింది.

రెండు రోజుల తర్వాత బస్సు త్వరగా దొరికి అరగంట ముందే తోటకి చేరాను. ట్రేల దొంతర అవతల బసవమ్మ గొంతు వినిపించింది.

"...అప్పుడు రోజా టీచరేం చేసిందంటే, ఆ గిన్నె తెచ్చుకుని, తలగడ పక్కన పెట్టుకుని, కుళ్ళి కుళ్ళి ఏడ్చింది."

పదకొండు మందీ తొడిమలు కత్తిరిస్తూ చెవులప్పగించి వింటున్నారు. నాగేశ్వరమ్మ అనే ఆవిడ కత్తెర ఆపి, "ఏడవనీ. చెల్లెలి గుట్టు పేపర్లో వేసుకునేదీ ఓ అక్కేనా. చదువుకుంది గానీ బుద్ధి లేదు," అంది.

చెట్టు మీద కాయ కోస్తున్న యలమంద అక్కణ్ణుంచే అడిగాడు. "గిన్నె చెల్లెలి దగ్గర కదా ఉంది, ఈవిడ దగ్గరికెలా వచ్చింది?"

"నువ్వు కాయ కొయ్యి," అంది బసవమ్మ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ట్రేలు దాటుకుని వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "బసవమ్మా, నీకు చెప్పింది నీకు చెప్పాను, తోటకి కాదు."

అన్నాక గానీ ఆ మాట ఎవరిదో నాకు తట్టలేదు.

బసవమ్మ అమాయకంగా చూసింది. "పేరు మార్చానుగా టీచరుగారూ."

ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిందని అందరూ అనుకోవాలని కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాను. ఆరేళ్ళు నేను చెల్లెలిది పంతం అనుకున్నాను. ఇంత మందిలో గుడ్డలిప్పి నిలబెట్టినట్టు ఉంటుందని నాకు తెలియదు. నేను చూసి రాయని వివరం అదొక్కటే.

నాగేశ్వరమ్మ లేచి నాకు కూర్చోడానికి ట్రే బోర్లించింది. బసవమ్మ మంచినీళ్ళు తెచ్చింది. తర్వాత తన ఇబ్బంది చెప్పుకుంది. కోతల రోజుల్లో మనుషులు దొరకరు. పక్క తోటవాళ్ళు రోజూ వచ్చి తన ముఠాని పిలుస్తుంటారు. ఎవరూ వెళ్ళరు, ఎందుకంటే బసవమ్మ రోజూ కథని మంచి పట్టు మీద ఆపేస్తుంది. ముప్పై ఏళ్ళుగా ముఠా నిలబడింది అలాగే.

"ఇప్పుడు ముగింపే లేదండీ. పది రోజుల్లో కోత అయిపోద్ది. ఏదోటి కల్పించి చెప్పేదాన్నే. కానీ చూడకుండా రాస్తే తిప్పి పంపుతారని మీరేగా చెప్పారు."

"యలమంద ఊరుకోడు," అన్నాను.

"అస్సలు ఊరుకోడండీ."

మర్నాడు బసవమ్మ సగం రోజు సెలవు పెట్టింది. ఆమె మోపెడ్ వెనక నేను, నా ఒళ్ళో ఆమె స్వయంగా ఏరిన చిన్న రసాల ట్రే. మైలవరం దాకా "జరగండి జరగండి" అని ఆమె అరుస్తూనే ఉంది. నేను మనసులో క్షమాపణ చెప్పే వాక్యం తయారుచేసుకుంటూ ఉన్నాను. నాలుగు రకాలుగా రాసి కొట్టేశాను.

ప్రసన్న తలుపు తీసింది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసింది, ట్రేని చూసింది. నా నాలుగు వాక్యాలూ మర్చిపోయి ట్రే ముందుకు చాపాను.

"మీరెవరండీ?" అని బసవమ్మనడిగింది.

"ఆగిరిపల్లి తోటలో కాయలేరతానండీ. మీ కథ మావాళ్ళకి చెప్తున్నాను. చివరేమవుద్దో చూసి పోదామని వచ్చాను."

ఎండలో వచ్చిన పెద్దావిడని గుమ్మంలో నిలబెట్టడం మా ఇంటా వంటా లేదు. "లోపలికి రండి, భోజనం చేసి వెళ్దురుగాని," అంది ప్రసన్న. ఆ పిలుపు నాకు కూడా అని నేనే అనుకుని లోపలికి వెళ్ళాను.

సాంబారు అదే గిన్నెలో వచ్చింది. అక్షరాలు అరిగాయి, సొట్ట అలాగే ఉంది. నేను తల దించుకుని కలుపుకున్నాను. బసవమ్మ రెండు ముద్దలు తిని, ఆగి, అడిగేసింది.

"మీ చేత్తో పెట్టిందేనా అండీ?"

ప్రసన్న గరిటె పట్టుకుని నా వైపే చూస్తూ చెప్పింది. "నేనే పెట్టాను. ఆ ఒక్క ఏడాది తప్ప, మా అత్తగారు గరిటె లాక్కునేదాకా నేనే పెట్టాను. అది మాత్రం ఎవరూ రాయలేదు."

"తప్పు చేశాను ప్రసన్నా," అన్నాను. "మీ అత్తగారు పోయినప్పుడు కూడా రాలేదు. అది ఇంకా పెద్ద తప్పు."

అది నా కంచంలో ఇంకో గరిటె సాంబారు పోసింది. వద్దన్నా పోసింది.

"మళ్ళీ రాస్తావా?"

"నువ్వు రాయమంటేనే."

"రాస్తే సాంబారనే రాయి. పప్పుచారట. నేను ఏనాడూ పప్పుచారు కొనలేదు. పప్పుచారు నాకు పెళ్ళికి ముందే వచ్చు." అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ దాని నవ్వు వినిపించింది, ఆ వెనకే ముక్కు చీదిన చప్పుడు కూడా వినిపించింది. నేను లేచి వెళ్ళాను. బసవమ్మ మాత్రం కదలకుండా సాంబారు మళ్ళీ వడ్డించుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆగిరిపల్లి పొలిమేరలో బసవమ్మ బండి నెమ్మది చేసింది.

"లెక్క ప్రకారం నాకింకో ప్రశ్న ఉందండీ."

"అడుగు."

"మైలవరం అంటే ఏదో దూరం అనుకున్నా. గంట కూడా పట్టలేదు కదండీ. ఆరేళ్ళు ఎందుకెళ్ళలేదు?"

పంతం అని చెప్పొచ్చు. కోపం అని చెప్పొచ్చు, ఎవరైనా నమ్ముతారు. ఆమె వీపే నాకు కనబడుతోంది, ముఖం కనబడటం లేదు.

"సిగ్గేసింది బసవమ్మా."

ఆమె తల ఊపింది. కొంచెం దూరం పోయాక, "ఇది మావాళ్ళకి చెప్పన్లెండి," అంది.

చెప్పలేదు. మర్నాడు నేనూ ఆ పదకొండు మంది మధ్యలో కూర్చుని ముగింపు విన్నాను. సాంబారు, గిన్నె, సొట్ట, అన్నీ ఉన్నాయి. ఆరేళ్ళు ఎందుకు రాలేదని యలమంద చెట్టు మీద నుంచి అడిగాడు. రోజా టీచరుకి మైలవరం బస్సు దొరకలేదని చెప్పింది బసవమ్మ.