పిడికిట్లో కండె

మొన్న కోరుట్లలో మా అమ్మాయి ఇంట్లో మనవరాలు పాఠం పైకి చదువుతూ, శరీర కణాలు మనతోనే నశిస్తాయి, తరువాతి తరానికి అందేవి బీజకణాలే అన్న చోటికి వచ్చేసరికి, చేతిలోని చాయ్ సంగతే మరిచిపోయాను. ఎందుకంటే ఆ ఒక్క ముక్క పట్టుకునే ఒకప్పుడు మా మేనత్తతో పోట్లాడాను.

మాది సిరిసిల్ల. గుంట మగ్గం మీద నేసి నేసి మా బాపు కుడి భుజం కిందికి జారింది, వేళ్లు కాయలు కాచాయి. మా ఇంట్లో పురిటి స్నానం కాగానే పసిబిడ్డ అరచేతిలో నూలు చుట్టిన కండె పెట్టేవాళ్లు. గట్టిగా పట్టుకుంటే ఆ బిడ్డకు నేతే రాసిపెట్టి ఉందని లెక్క. నేనైతే వదలనే లేదట. పదో తరగతి పాసై జగిత్యాల కాలేజీకి పోతానన్నప్పుడు మా మేనత్త ఆ ముచ్చటే బయటికి తీసింది.

"మీ బాపు చేతులే అచ్చినయి నీకు. గీ చేతులకు కాలేజేంది? కూసొని కండెలు చుట్టు!"

నాకు ఒళ్లు మండింది. ఆ కాయలు బాపు చర్మానివి, ఆ వంకర ఆయన ఎముకలది, అవేవీ నాలోకి రాలేదు, నేను పుట్టిన బీజకణాల్లో మగ్గం లేదు అని సైన్స్ సారు చెప్పిందంతా గడగడా అప్పజెప్పాను. ఆడపిల్ల నోట ఇవేం మాటలని అత్త చెవులు మూసుకుంది. అప్పుడే చీర బేరానికి వచ్చిన కిరాణా సేటు భార్య ఒళ్లో చంటిపిల్లవాడు ఉంటే, వాడి అరచేతిలో ఒక కండె పెట్టాను. ఎంత లాగినా వదల్లేదు.

"మరి సేటు కొడుకు గూడ మగ్గమే నేస్తడా, అత్తా?"

మగ్గం గుంటలోంచి బాపు పకపకా నవ్వాడు.

"పోనియ్యి అక్కా, జగిత్యాలకు పోనియ్యి."

పోయాను. ఆ జగిత్యాలలోనే టీచరునై అదే పాఠం ఏళ్లపాటు, గొంతు తగ్గించకుండా చెప్పాను.

ఇప్పుడు చుట్టాలంతా మనవరాలిని చూసి, డాక్టర్ల పిల్ల గనుక డాక్టరే అవుతుంది, అది రక్తంలోనే ఉంది అంటున్నారు. ఆ పిల్లేమో చేనేత నేర్చుకుంటానంటోంది. రక్తంలో ఏ కొలువూ ఉండదు, దాని ఇష్టం దానిది అని అందరి ముందూ తెగేసి చెప్పాను. కానీ ఆనాడు నన్ను గెలిపించిన ఆ నిజమే ఈనాడు గుండెల్లో గుచ్చుకుంటోంది. బాపు చేతుల్లోని నేత ఆయన చేతులతోనే చితి మీద కాలిపోయింది. అది నాకు పుట్టుకతో రాలేదు, పక్కన కూర్చుని నేను నేర్చుకోనూ లేదు. మరమగ్గాల మోతలో మునిగిన సిరిసిల్లలో, మనవరాలికి నేత నేర్పగల చేతుల కోసం ఇక నేనే వీధి వీధీ తిరగాలి.