కొమురక్క కాలికి కట్టిన తాడు

నిన్న పొద్దున కొమురక్క నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. "ఏందక్కా, ఇంత పొద్దుగాల?" అన్నాను.

మాట్లాడింది ఆమె కాదు. ఇంటి ఓనరమ్మ.

"అక్క పోయిందమ్మా. నిద్రల్నే."

ఆదివారం వస్తానని చెప్పి ఉన్నాను. వంకాయ కూర తెమ్మంది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. కాశిబుగ్గలో ఒక్క గదిలో ఒక్కతే ఉండేది. ఎనభైల్లో నర్సంపేట దగ్గర ఒక ఊళ్ళో చిన్నపిల్లల సెంటర్‌లో మేమిద్దరం పనిచేశాం. ఆమె టీచర్, నేను ఆయా. పేరుకే. పనులన్నీ ఇద్దరివీ.

నాట్ల టైమ్‌లో అక్కడ ఒక అలవాటు ఉండేది. తల్లులు చంటిపిల్లల నాలుక మీద ఆవగింజంత నల్లమందు పెట్టి, గట్టు మీద పడుకోబెట్టి, పొలంలోకి దిగేవాళ్ళు. సాయంత్రం దాకా పిల్లలు మత్తులో ఉండేవాళ్ళు.

ఏసీ గదుల్లో కూర్చుని వాళ్ళను తిట్టకండి. పిల్ల ఏడిస్తే పని ఆగుతుంది. పని ఆగితే ఆ పూట పొయ్యి వెలగదు.

ఒకరోజు మధ్యాహ్నం నాట్లేస్తున్న లచ్చవ్వ పాలివ్వడానికి గట్టెక్కితే బిడ్డ లేవలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

కొమురక్క బిడ్డను గుంజుకుని బస్సెక్కింది. నర్సంపేట దవాఖాన దాకా అరికాళ్ళు గోకుతూ, గిచ్చుతూ, "లే బిడ్డా, లే" అంటూనే ఉంది. పక్కన లచ్చవ్వా నేనూ ఏడుస్తూ కూర్చున్నాం. అంతకుమించి మాకేం చేతకాలేదు.

బిడ్డ బతికింది.

మర్నాడు కొమురక్క నాట్లేసే చోటికి పోయి నిలబడింది.

"మీ పిల్లల్ని నాకియ్యుండ్రి. మందు మాత్రం పెట్టకుండ్రి."

"అందరు ఒక్కపారే ఏడిస్తే ఏం జేస్తవ్?" అని ఒకామె అడిగింది.

"ఏడిస్తే నా చెవులు పోతయ్. మీ కైకిలి పైసలైతే పోవు గదా."

ముందు లచ్చవ్వే తెచ్చి ఇచ్చింది. తర్వాత మిగతావాళ్ళు.

మా సెంటర్ అంటే ఒక రేకుల షెడ్. కొమురక్క దూలానికి పాత చీరలతో వరుసగా ఉయ్యాలలు కట్టింది. అన్నిటినీ కలుపుతూ ఒకటే తాడు. ఆ తాడు కొస తన కాలి బొటనవేలికి.

కాలు ఆడిస్తే ఉయ్యాలలన్నీ ఊగేవి. చేతులేమో పెద్దపిల్లలకు జావ తాగించేవి.

"ఎద్దు లెక్క కట్టేసుకున్నవేందక్కా?" అని నవ్వేదాన్ని.

"ఎద్దుకైతే పొద్దుమూకితే గడ్డి అన్నా ఏస్తరే. నాకేమేస్తరు?"

ఆ వేలు ఒరుసుకుపోయి పుండయ్యేది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ తాడు కట్టుకునేది. నాకు కోపమొచ్చి నా కాలికి కట్టమంటే, "నీకు ఊపుడు రాదు, పిల్లలు కింద పడ్తరు" అనేది. నిజమే, నాకు రాలేదు.

మరుసటి ఏడు నాట్లకు ఆ ఊళ్ళో ఏ తల్లీ నల్లమందు ముట్టుకోలేదు.

పోయిన నెల వెళ్ళినప్పుడు కుర్చీలో కూర్చుని టీవీ చూస్తోంది. కాలి బొటనవేలు దానంతటదే ఆడుతోంది. ముందుకీ, వెనక్కీ.

"కాలు నొస్తాందా అక్కా?"

కిందికి చూసుకుని నవ్వింది. "ఏం లేదే. ఇది ఇంకా డ్యూటీ దిగలే."

నిన్న నేను పోయేసరికి చాప మీద పడుకోబెట్టారు. పదిమంది కూడా లేరు. ఆ ఉయ్యాలల్లో పెరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళ తప్పేం లేదు. ఎవరు ఊపారో చంటిపిల్లలకు ఏం గుర్తుంటుంది?

లచ్చవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె బిడ్డ ఎక్కడుందో నాకు తెలియదు. ఆ షెడ్‌ను తలుచుకునేవాళ్ళం కొమురక్కా నేనూ ఇద్దరమే మిగిలాం. ఇప్పుడు నేనొక్కదాన్నే.

ఎవరో పెద్దాయన వచ్చి, ఆనవాయితీ ప్రకారం రెండు కాళ్ళ బొటనవేళ్ళూ కలిపి తెల్లదారంతో కట్టాడు.

అప్పటిదాకా ఆపుకున్నాను. అది చూశాక నావల్ల కాలేదు.

ఇగ డ్యూటీ దిగినవక్కా. నిమ్మళంగా పండుకో.

నీ నిద్ర ఎవ్వరూ చెడగొట్టకుండా ఉండాలి.