ఓడ కింద మిగిలే పొర

నిన్న, రాపిడి మీద నేను పరిశోధన చేసే ప్రయోగశాలలో పశువుల కొవ్వు డబ్బా మూత తీయగానే, ఆ ముతక వాసనకు విశాఖలో మా నాన్న పనిచేసిన ఓడల కార్ఖానా గుర్తుకు వచ్చింది. ఆయన వడ్రంగి. కట్టిన ఓడ నీళ్లలోకి జారడానికి వాలుగా పరిచిన దూలాలకు కొవ్వు పూసేవారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఓడ దిగే వారంలో, పనివాళ్ల పిల్లలను లోపలికి రానిచ్చారు. ఆ పూతను చూసి నాకు భయం వేసింది. ఓడ కదలకపోతే అందరూ నాన్ననే తప్పుపడతారు.

"నాన్నా, అంత బరువుకి ఇదంతా బయటికి పోదా?"

"సానా పోద్దమ్మా. మిగిలిందే పని సేత్తాది."

"నాను నమ్మను."

పక్కన పూత పూస్తున్న అప్పారావు మామ నవ్వాడు. "ఏటి బావా, మీ పాప మనకే పరీచ్చ ఎట్టేసింది?"

నాన్న నవ్వలేదు. రెండు చెక్కముక్కల మధ్య కొవ్వు పూసి, క్లాంపులో పెట్టి, నా చేతనే బిగింపించారు. అన్నాలయ్యాక విప్పితే చెక్క ఖాళీగా కనిపించింది.

"ఏం లేదు," అన్నాను.

ఆయన దానిమీద నీళ్లు చల్లారు. నీళ్లు ఇంకకుండా బొట్లుగా జారిపోయాయి.

"ఉంది, సూడు."

నాలుగోనాడు ఓడ జారింది. మిగిలిన పొర వల్లే జారిందనడానికి మా పరీక్ష రుజువు కాదు. క్లాంపు ఒత్తిడినీ ఓడ ఒత్తిడినీ మేము కొలవలేదు. పైన పొర మిగలకపోయినా, కొవ్వు పీల్చుకున్న చెక్క కూడా నీటిని తోసేస్తుంది. అయినా, తన పనిని శంకించిన పిల్లను ఆయన కసురుకోలేదు, చెక్కముక్కలతో జవాబిచ్చారు. నా చదువంతా అక్కడే మొదలైందని రుజువు చేయలేను. కృతజ్ఞతతో నమ్ముతాను.